పాత బోటు కొన్నాం, పేరు మారడం లేదు

ప్రశ్న:
మాది విశాఖపట్నం. మా ఆయన ఫిషింగ్ హార్బర్‌లో చాలా ఏళ్లుగా వేరేవాళ్ల బోట్ల మీద సరంగుగా (బోటు నడిపే పెద్దగా) చేస్తున్నారు. ఈ వేట నిషేధంలో ఒక ఓనరు దగ్గర పాత మరబోటు బేరం చేశాం. 22 లక్షలకు కుదిరింది. 5 లక్షలు నగదుగా అడ్వాన్సు ఇచ్చి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకుని నోటరీ చేయించాం. మా ఆయన ఎప్పుడూ బ్యాంకు లోను తీసుకోలేదు, సిబిల్ స్కోరు లేదు. అందుకని బ్యాంకువాళ్లు నా పేరున 12 లక్షలు మంజూరు చేశారు. ఇప్పుడు ఆర్‌సీ (బోటు రిజిస్ట్రేషన్ కాగితం) మా పేరుకు మారితేనే డబ్బు ఇస్తామని మా బ్యాంకు అంటోంది. బోటు మీద పాత లోను ఉంది, ఆ బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెస్తేనే పేరు మారుస్తామని మత్స్యశాఖ ఆఫీసులో అన్నారు. బాకీ కడితేనే ఎన్‌ఓసీ అని అమ్మినాయన బ్యాంకు. ఆ బాకీ నాలుగు లక్షల చిల్లర అని ఆయన నోటిమాటగా చెప్పాడు. ఆర్‌సీ కూడా జిరాక్సే చూశాం, అందులో పేరు ఆయనదే. మా చేతిలో ఇంకో రెండు లక్షలు ఉన్నాయి, మూడు తక్కువ పడుతున్నాయి. అమ్మినాయన జెట్టీలో ఒక కమీషన్ ఏజెంటుకు మూడు లక్షలు బాకీ ఉన్నాడు. ఆ ఏజెంటు, 'ఆ బాకీ మీ పేరున రాసుకుంటాను, వడ్డీ వద్దు, చేప మాత్రం నాకే వేయండి' అంటున్నాడు. వేట మళ్లీ మొదలయ్యే జూన్ 15 దగ్గర పడింది. పేరు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు వేటకు పోనీ అని మా ఆయన పట్టు. ఏం చేయమంటారు? ఆర్‌సీ ఎవరి పేరున ఉండాలి? బోటు పేరు కూడా మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:
అమ్మా, ముందు మీ ఆయన మాటకు జవాబు చెప్తాను. రిజిస్టర్‌లో పేరు మారకుండా బోటును వేటకు పంపకండి. నిషేధం ముగిసిన మొదటి ట్రిప్పుకే చేప బాగా పడుతుందని, ఆ రోజున ఐసు లారీలన్నీ జెట్టీకి వస్తుంటే ఒడ్డున కూర్చోవడం సరంగుకు ప్రాణం మీదికి వచ్చినట్టు ఉంటుందని తెలుసు. అయినా పదిహేను రోజులు ఆగితే పోయేది ఒక ట్రిప్పు. ఆగకపోతే ఏం పోతుందో కింద చెప్తాను, మీరిద్దరూ కలిసి చదవండి.

అంతకన్నా ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. అమ్మినాయన తన బాకీ నాలుగు లక్షల చిల్లర అంటున్నారు. మీరు ఆయన చేతికి ఇచ్చింది ఐదు లక్షలు. ఆ డబ్బు ఆ రోజే లోను ఖాతాలో కట్టి ఉంటే ఎన్‌ఓసీ ఎప్పుడో వచ్చేది, మీకు నాకు ఉత్తరం రాసే పని పడేది కాదు. ఆ ఐదు లక్షలు ఎటు పోయాయి? బహుశా ఖర్చయిపోయి ఉంటాయి, కూతురి పెళ్లో, మరో అప్పో. నేను ఆయన్ని మోసగాడు అనడం లేదు. కానీ ఈ ప్రశ్న మీరు ఆయన ముఖం మీద అడగాలి, పెద్దమనుషులు ఉండగా అడగాలి. డబ్బు ఇంకా ఆయన దగ్గర ఉందా, రేపే బ్యాంకుకు వెళ్లి బాకీ తీర్చమనండి, మీ చిక్కు అక్కడితో విడిపోతుంది. లేదన్నాడా, ఇక మీదట ఆయన చేతికి నేరుగా ఒక్క రూపాయి కూడా వెళ్లకూడదు. ఎటు వెళ్లాలో చెప్తాను.

మీ చేతిలో ఉన్న నోటరీ కాగితం గురించి ఒక మాట. ఇల్లు, స్థలం కొన్న అలవాటుతో చాలామంది స్టాంపు కాగితం చూడగానే రిజిస్ట్రేషన్ అయిపోయిందనుకుంటారు. బోటు చరాస్తి. దానికీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకూ సంబంధం లేదు. నోటరీ వేసిన ముద్రకు అర్థం ఫలానా మనిషి నా ఎదుట సంతకం పెట్టాడు అన్నంతవరకే. ఆయన బోటుకు నిజంగా ఓనరా, దాని మీద తాకట్టు ఉందా అన్నది నోటరీ చూడడు. మీకూ ఆయనకూ మధ్య బేరం జరిగింది, ఐదు లక్షలు ముట్టాయి అనడానికి ఆ కాగితం గట్టి సాక్ష్యం, భద్రంగా దాచండి. అయితే చరాస్తుల అమ్మకాలకు వర్తించే 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 27వ సెక్షను ఉంది. అమ్మేవాడు తనకున్న హక్కుకు మించిన హక్కు కొనేవాడికి ఇవ్వలేడన్నది దాని సారాంశం. బోటు మీద బ్యాంకుకు తాకట్టు ఉంటే ఆ తాకట్టుతో సహా అది మీ దగ్గరికి వస్తుంది. రేపు ఆయన కట్టడం మానేస్తే ఆ బ్యాంకువాళ్లు వెతుక్కుంటూ వచ్చేది మీ బోటు దగ్గరికే.

ఇక మీరు చెప్పిన మూడు ఆఫీసుల గొడవ. ముగ్గురు చెప్పిందీ సరైనదే. పేరు మారని బోటు మీద మీ బ్యాంకు అప్పు ఇవ్వలేదు. తాకట్టు ఉన్న బోటును మత్స్యశాఖవాళ్లు ఇంకొకరి పేరుకు రాయలేరు. బాకీ రాకుండా పాత బ్యాంకు తాకట్టు వదలదు. ఈ ముడికి కొస మీ బ్యాంకు మేనేజరు దగ్గర ఉంది. లోను ఉన్న లారీ, లోను ఉన్న ఇల్లు చేతులు మారేటప్పుడు బ్యాంకులు బ్యాంకులు మాట్లాడుకుని ఇలాంటివి తేలుస్తూనే ఉంటాయి. బోటు అనేసరికి కొత్తగా అనిపించి భయపడతారు, అంతే.

ముందుగా అమ్మినాయన్ని వెంటబెట్టుకుని ఆయన బ్యాంకుకు వెళ్లండి. లోను ఖాతా ఆయనది కాబట్టి అర్జీ ఆయనే పెట్టాలి. ఫలానా తేదీకి మొత్తం ఎంత కడితే లోను మూతపడుతుంది, ఆ తర్వాత రోజుకు ఎంత వడ్డీ పెరుగుతుంది, ఏ ఖాతాకు కట్టాలి అన్నది బ్యాంకు లెటర్‌హెడ్ మీద తీసుకోండి. అదే కాగితంలో ఇంకో వాక్యం రాయించండి: ఈ మొత్తం ముట్టగానే ఒరిజినల్ ఆర్‌సీ, ఎన్‌ఓసీ ఇస్తామని. అక్కడే అడగాల్సిన మరో ప్రశ్న ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. ఆ బ్యాంకులో ఆయనకు ఇంకేమైనా అప్పులున్నాయా, ఎవరి లోనుకైనా హామీ సంతకం పెట్టారా? అలా ఉంటే బోటు లోను పూర్తిగా కట్టినా, మిగతా బాకీ తేలేదాకా కాగితాలు వదలమనే బ్యాంకులు ఉన్నాయి. సహకార బ్యాంకుల్లో ఈ పట్టు ఇంకాస్త ఎక్కువ. 'నాలుగు లక్షల చిల్లర'లో ఆ చిల్లర ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఆ కాగితం తీసుకుని మీ మేనేజరు దగ్గరికి వెళ్లి, పన్నెండు లక్షలు ఒకేసారి వద్దు, రెండు విడతలుగా ఇవ్వండి అని రాతపూర్వకంగా అడగండి. మొదటి విడత పాత లోను మూయడానికి ఎంత కావాలో అంతే. అది మీ చేతికీ రాదు, అమ్మినాయన చేతికీ పోదు, నేరుగా ఆ బ్యాంకు లోను ఖాతాకే వెళ్తుంది. ఈ సొమ్ము బోటు ధరలో భాగంగా నాకు ముట్టినట్టే అని అమ్మినాయన ఒక ఒప్పుదల ఇస్తారు. ఒరిజినల్ ఆర్‌సీ, ఎన్‌ఓసీ బయటికి రాగానే మీ బ్యాంకు మనిషి సమక్షంలో తీసుకుని, అట్నుంచి అటే మత్స్యశాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టరు) ఆఫీసుకు వెళ్లి పేరు మార్పు అర్జీ పెట్టాలి. కొత్త ఆర్‌సీలో మీ బ్యాంకు పేరున హైపోథికేషన్ (బోటు మీద తాకట్టు) రాయమని కూడా అప్పుడే అడగండి, మళ్లీ ఇంకోసారి తిరగకుండా. పేరు మారిన కాగితం చూపించాక రెండో విడత. మేనేజరు నావల్ల కాదంటే కోపం తెచ్చుకోకుండా, ఇదే సంగతి రీజనల్ ఆఫీసుకు రాయమనండి. మంజూరైన లోను ఇవ్వకుండా వెనక్కి పంపడం వాళ్లకూ ఇష్టం ఉండదు.

మీ మేనేజరు ఎంత చెప్పినా వినకపోతే రెండో దారి ఉంది. మీ దగ్గరున్న రెండు లక్షలకు అమ్మినాయన మిగతాది వేసి బాకీ తీర్చాలి. మీ రెండు లక్షలు కూడా బ్యాంకు ద్వారా ఆ లోను ఖాతాకే పంపండి. ఇక్కడ నగదు సంగతి ఒకటి చెప్పాలి. 2017 ఏప్రిల్ నుంచి ఒక లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. జరిమానా తీసుకున్న మొత్తానికి సమానం, అదీ తీసుకున్నవాడి నెత్తిన. మీ ఐదు లక్షల విషయంలో జరిగింది జరిగిపోయింది. ఇకపై నగదు అడిగితే ఈ ముక్క ఆయనకు మర్యాదగానే చెప్పండి.

అమ్మినాయన ఈ తిరుగుళ్లన్నిటికీ వస్తారా అన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. ఓనర్లు సగం డబ్బు చేతిలో పడగానే ఫోను ఎత్తడం మానేస్తారు. ఆయన్ని కదిలించే మాట ఒకటుంది: పేరు మారకపోతే ఎక్కువ నష్టం ఆయనకే. బోటు రేపు హద్దు దాటినా, తీరం దగ్గర వేటాడి పట్టుబడినా, ఎవరో కళాసీ (బోటు మీద పనిచేసే మనిషి) దానిలో దొంగ సరుకు దాచినా, బోటు మీద మనిషికి ప్రాణాపాయం వచ్చినా మొదటి నోటీసు వెళ్లేది రిజిస్టర్‌లో పేరున్నవాడి ఇంటికి. 2008 నవంబరులో ముంబయి మీద దాడికి వచ్చినవాళ్లు కుబేర్ అనే చేపల బోటును పట్టుకుని దాని మీదే తీరం వైపు వచ్చారు. ఆ తర్వాతే బోట్ల రిజిస్ట్రేషన్, నంబర్లు, మత్స్యకారుల కార్డుల మీద పట్టు బిగిసింది. కోస్టుగార్డు, మెరైన్ పోలీసు సముద్రంలో బోటును ఆపితే చూసేది ముక్కు మీది నంబరు, చేతిలోని కాగితం. రెండిటికీ పొత్తు కుదరకపోతే 'కొన్నాం సార్, పేరు ఇంకా మారలేదు' అన్న జవాబు అక్కడ చెల్లదు.

ఇప్పుడు ఆ ఏజెంటు. మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ భయం పెట్టింది ఆయన మాటే. 'వడ్డీ వద్దు' అన్నాడంటే వడ్డీ ఇంకెక్కడో వసూలు చేసుకుంటాడని అర్థం. చేప ఆయనకే వేయాలి, రేటు ఆయనే కట్టాలి. ఒక లెక్క వేసి చూడండి. ట్రిప్పుకు మంచి చేప 500 కిలోలు పడిందనుకోండి. బయట వేలంలో వచ్చే ధరకన్నా కిలోకు 20 రూపాయలు తక్కువ కట్టాడనుకోండి. ట్రిప్పుకు పది వేలు. నెలకు రెండు ట్రిప్పులు, నిషేధం పోను ఏడాదికి పది నెలలు. మొత్తం రెండు లక్షలు. మూడు లక్షల మీద ఏడాదికి రెండు లక్షలు పోయాక కూడా అసలు మూడు లక్షలు అలాగే ఉంటాయి. మీ ఆయన సరంగుగా ఇన్నేళ్లు చూసినదే ఇది, ఓనర్ల బాధ ఆయనకు తెలియనిది కాదు. తన బోటు అనే సంబరంలో ఉన్నారు కాబట్టి గుర్తు చేయండి.

అసలు ఆ మూడు లక్షలు ఎవరి బాకీ? ఏజెంటు అప్పు ఇచ్చింది ఆ మనిషికి. బోటు మీద రాతపూర్వకమైన తాకట్టు లేకపోతే చట్టప్రకారం ఆ అప్పు బోటుతో పాటు మీకు రాదు. కానీ జెట్టీ లెక్క వేరు. మీ మొదటి ట్రిప్పు చేప దించే వేళకు ఆయన మనిషి వచ్చి కాటా పక్కన నిలబడతాడు, ఇంకే కొనుగోలుదారుడూ ముందుకు రాడు. అందుకని ఈ బాకీని పట్టించుకోకుండా వదిలేయకండి, నెత్తిన వేసుకోనూ వద్దు. రెండో విడతలో అమ్మినాయనకు వెళ్లాల్సిన సొమ్ములోంచి మూడు లక్షలు ఏజెంటు పేరున చెక్కు రాయించండి. 'ఫలానా నంబరు బోటు మీద, కొన్నవాళ్ల మీద నాకు ఏ బాకీ లేదు' అని ఆయన చేత కాగితం రాయించి, బోటు ఓనర్ల సంఘం పెద్దలిద్దరి సాక్షి సంతకాలు తీసుకోండి. ఏ రిజిస్టర్‌లోనూ కనిపించని అప్పు ఇది, అందుకే దీనికి మనుషుల సాక్ష్యం కావాలి. ఇంకో ఏజెంటు, ఐసు ఫ్యాక్టరీ, డీజిలు బంకు, వలల దుకాణం, ఇంజను మెకానిక్కు – వీళ్ల దగ్గరా ఖాతాలు ఉండొచ్చు. జెట్టీలో రెండు పూటలు తిరిగి టీ తాగుతూ అడిగితే అన్నీ బయటికి వస్తాయి.

అయినా మీకు మూడు లక్షలు తక్కువే కదా. ఇందుకు నేను చెప్పేది మీకు నచ్చకపోవచ్చు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డు లోను తీసుకోండి. మెడలోది తీయమంటున్నానని తిట్టుకోకండి. బ్యాంకు బంగారం మీద ఎంత వడ్డీ వేసినా, పైన లెక్క కట్టిన ఏజెంటు 'వడ్డీ లేని' అప్పు ముందు అది చాలా తక్కువ. పైగా బంగారం విడిపించుకోవచ్చు, ఏజెంటు దగ్గర తాకట్టు పడిన వేట విడిపించుకోవడం కష్టం. రెండోది, ఆ మూడు లక్షలు మూడు నాలుగు నెలలు గడువు ఇవ్వమని అమ్మినాయన్నే అడగండి. కాగితాలు సరిగ్గా లేని బోటు అమ్ముతున్నది ఆయన, ఆ మాత్రం తగ్గాలి. మత్స్యకారుల కిసాన్ క్రెడిట్ కార్డు మాత్రం ఈ లోటు పూడ్చడానికి వాడకండి. అది డీజిలు, ఐసు, వలల ఖర్చుకు ఉద్దేశించింది. బోటు కొనుగోలుకు పోస్తే మొదటి ట్రిప్పు పెట్టుబడికి మళ్లీ ఏజెంటు గుమ్మమే ఎక్కాల్సి వస్తుంది.

ధర తగ్గించమని అడిగే ముందు బోటును మీరు కాగితంతో పోల్చి చూశారా? మీ ఆయన ఇంజను చప్పుడు విని దాని ఆరోగ్యం చెప్పగలరు, అందులో సందేహం లేదు. నేనంటున్నది నంబర్ల సంగతి. పాత బోట్లలో ఇంజను ఒకసారైనా మారి ఉంటుంది. లారీ ఇంజను తెచ్చి బిగించినవీ ఉంటాయి. ఆర్‌సీలో పాత ఇంజను నంబరే ఉండిపోతుంది. ఇంజను గదిలోకి దిగి, నంబరు పలక మీద ఏళ్ల తరబడి వేసిన ఆకుపచ్చ రంగు, నూనె జిడ్డు కిరసనాయిలు గుడ్డతో తుడవండి. పలక మీద తెల్ల కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే అంకెలు అచ్చు పడతాయి, లారీల చాసిస్ నంబరు తీసినట్టే. ఆ కాగితాన్ని ఆర్‌సీ పక్కన పెట్టి చూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా మత్స్యశాఖవాళ్లు తనిఖీకి వచ్చిన రోజున పని ఆగిపోతుంది. తేడా ఉంటే ఇంజను కొన్న బిల్లు వెతికి, రిజిస్టర్‌లో ముందు అది సరిచేయించాల్సింది అమ్మినాయన. పొడవు, వెడల్పు కూడా టేపుతో కొలవండి. బోటును సాగదీసి కట్టించుకున్నవాళ్లు ఉన్నారు, ఆ సంగతి కాగితం మీద ఉండదు. ముక్కుకు రెండు వైపులా రాసిన ఐఎన్‌డీ-ఏపీ నంబరు, ఆర్‌సీలోది ఒకటేనా చూడండి. బోటు ఇప్పుడు నిషేధంలో గట్టునే ఉంటుంది కాబట్టి అడుగు చెక్క, ప్రొపెల్లరు షాఫ్టు చూడటానికీ ఇదే సమయం. నీళ్లలోకి దిగాక అవి ఎవరికీ కనిపించవు.

అమ్మకపు కాగితం కొత్తగా రాయించండి. ఇప్పుడున్నది అడ్వాన్సు కాగితమే. రిజిస్ట్రేషన్ నంబరు, కొలతలు, ఇంజను తయారీ, నంబరు, బోటుతో పాటు ఇచ్చే వలలు, వించి, జీపీఎస్, ఎకో సౌండరు, వైర్‌లెస్ సెట్టు, ట్రాన్స్‌పాండరు అన్నీ పేరుపేరునా రాయాలి. లేకపోతే డబ్బు ముట్టిన మర్నాడు వచ్చి జీపీఎస్ నాది అని పట్టుకుపోతారు. బోటు అప్పగించిన తేదీ, వేళ రాయండి. ఆ క్షణం దాకా ఉన్న బాకీలు, జరిమానాలు, కళాసీల లెక్కలు పాత ఓనరువి, తర్వాతివి మీవి. డబ్బు ఎవరికి ఎంత, ఏ బ్యాంకు ద్వారా ముట్టిందో ఒక్కొక్కటిగా ఉండాలి. ఐదు లక్షల అడ్వాన్సు కూడా మళ్లీ రాయించండి.

పేరు మార్పు అర్జీ ఇప్పుడు రియల్‌క్రాఫ్ట్ అనే కేంద్ర పోర్టల్ ద్వారా నడుస్తుంది. చేపల బోట్ల రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు దేశమంతటికీ అందులోనే. అలవాటు లేకపోతే ఏడీ ఆఫీసులోనో, గ్రామ, వార్డు సచివాలయంలోని మత్స్యశాఖ అసిస్టెంటు చేతనో నింపించుకోండి. నంబరు అచ్చుతప్పులు మాత్రం మీరే దగ్గర కూర్చుని చూసుకోవాలి. అధికారి జెట్టీకి వచ్చి బోటు చూసి రాసుకున్నాకే పేరు మారుతుంది. నిషేధం చివరి వారంలో అందరూ అక్కడే క్యూ కడతారు కాబట్టి ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. ఇంకో రాష్ట్రంలో రిజిస్టరైన బోటైతే అక్కడి నుంచి ఎన్‌ఓసీ కూడా తేవాలి, మీకు ఆ బాధ లేదు.

రిజిస్ట్రేషన్ వేరు, లైసెన్సు వేరు. రిజిస్ట్రేషన్ బోటు ఎవరిదో చెప్తుంది. లైసెన్సు ఆ బోటుతో రాష్ట్ర జలాల్లో వేట చేయడానికి 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఇచ్చే అనుమతి. పాత ఓనరు లైసెన్సు మీద మీరు వేట చేయలేరు, కొత్త ఆర్‌సీ రాగానే మీ పేరున తీసుకోవాలి. తీరం నుంచి 8 కిలోమీటర్లు తెప్పలు, నావలు వేసుకునే సంప్రదాయ మత్స్యకారులకు వదలాలన్న నియమం మీ ఆయనకు కొత్త కాదు, ఓనరుగా ఇకమీదట జవాబుదారీ తనదే అని గుర్తుంటే చాలు.

పేరు మారకపోతే నెలనెలా పోయేది డీజిలు సబ్సిడీ. లీటరుకు 9 రూపాయలు, మరబోటుకు నెలకు 3,000 లీటర్ల దాకా. పూర్తిగా వాడుకుంటే నెలకు 27 వేలు. పాత ఓనరు పేరున ఉన్న కార్డు మీద మీరు డీజిలు పోయించుకుంటూ పోతే ఆ ఆదా ఆయన దయ మీద ఆధారపడి ఉంటుంది. 12 లక్షల లోనుకు మీరు కట్టే వాయిదాలో ఆ 27 వేలు ఎంత భాగమో లెక్క చూసుకోండి. నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే సాయం, 2025లో 20 వేలకు పెరిగింది, దానికి పేర్లు రాసేటప్పుడూ అధికారులు బోటు బోటుకూ వెళ్లి కాగితాలు చూస్తారు. మీ కళాసీల పేర్లు అందులో ఎక్కాలంటే బోటు కాగితం మీ దగ్గర సరిగ్గా ఉండాలి. యూరప్‌కు పంపే సరుకు కొనే ఎగుమతిదారులు కూడా ఏ బోటు పట్టిందో రిజిస్ట్రేషన్ నంబరుతో సహా అడుగుతారు. 2010 నుంచి అక్కడ క్యాచ్ సర్టిఫికెట్ లేనిదే సముద్రపు చేప దిగదు.

బీమా సంగతి బ్యాంకు ఎలాగూ అడుగుతుంది, కానీ మీరే ముందు అడగండి. 2023 నవంబరు 19 రాత్రి మీ హార్బర్‌లోనే మంటలు లేచి పదుల బోట్లు కాలిపోయాయి. వాటిలో చాలావాటికి బీమా లేదు. ప్రభుత్వం నష్టంలో 80 శాతం ఇస్తామని ముందుకొచ్చింది కాబట్టి కొందరు తేరుకున్నారు. ప్రతిసారీ అలా జరుగుతుందన్న హామీ లేదు, జరిగినా ఓనరు ఎవరని చూసేది రిజిస్టర్‌లోనే. పాత ఓనరు పేరున ఉన్న పాలసీ మీకు పనికిరాదు. ఆర్‌సీ మారిన రోజే మీ పేరున, మీ బ్యాంకు పేరు చేర్చి కొత్త పాలసీ తీసుకోండి. బోటు ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు జరిగే అగ్నిప్రమాదం, తుపాను నష్టం కూడా అందులో ఉన్నాయో లేదో బీమా ఏజెంటు చేత చదివించుకోండి. హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక ఎవరి పేరున ఉండాలన్న ప్రశ్న. అప్పు మీ ఒక్కరి పేరున, బోటు మీ ఆయన ఒక్కరి పేరున అన్న ఏర్పాటుకు మాత్రం ఒప్పుకోకండి. మీ బ్యాంకూ ఒప్పుకోదు. మీ ఇద్దరి మధ్య నమ్మకం లేదని కాదు. సముద్రం మీద బతికేవాళ్ల ఇళ్లలో జరిగేవి మీకు నేను చెప్పాలా! రేపు ఆయనకు ఏదైనా అయితే బోటు మీద ఆయన అన్నదమ్ములు మాట్లాడతారు, అప్పు మీద బ్యాంకు మీతోనే మాట్లాడుతుంది. ఇద్దరి పేర్లూ ఆర్‌సీలో రాయించి, లోనులో ఆయన్ని సహ రుణగ్రహీతగా చేర్చమని అడగడం అన్నిటికన్నా మంచిది. సిబిల్ స్కోరు లేకపోవడం అంటే చెడ్డ పేరు ఉన్నట్టు కాదు, ఇదివరకు అప్పు తీసుకోలేదనే. మీతో కలిపి తీసుకుని సరిగ్గా కడితే ఆయనకూ స్కోరు మొదలవుతుంది. ఉమ్మడిగా కుదరదని ఎక్కడైనా అంటే మీ ఒక్కరి పేరునే ఉంచండి. బోటు పెళ్లాం పేరున ఉంటే జెట్టీలో నవ్వుతారని ఆయన అనొచ్చు. చేప అమ్మి ఆ జెట్టీని నడిపేది ఆడవాళ్లేనని ఆయనకు తెలుసు.

బోటు పేరు మార్చుకోవచ్చు. ఆర్‌సీలో బోటు పేరు కూడా ఉంటుంది కాబట్టి ఓనరు మార్పు అర్జీతో పాటే ఆ మాట రాయండి, విడిగా మళ్లీ తిరగడం తప్పుతుంది. అదే పేరు బీమాలో, లైసెన్సులో, డీజిలు కార్డులో అక్షరం తేడా లేకుండా ఉండాలి. గంగమ్మ అని ఒకచోట, శ్రీ గంగమ్మ తల్లి అని ఇంకోచోట రాస్తే క్లెయిము రోజున అదే పెద్ద ప్రశ్న అవుతుంది. కొత్త ఆర్‌సీ చేతికి వచ్చేదాకా పెయింటరును పిలవకండి. వచ్చాక కూడా అతను పాత పేరు చెరిపేటప్పుడు ముక్కు మీది నంబరు కూడా కలిపి కొట్టేయకుండా మీ ఆయన్ని దగ్గర నిలబడమనండి. పేరు మారినా ఆ నంబరు మారదు.